హై-ఎండ్ ఫోనో కార్ట్రిడ్జ్‌లను పోల్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

టర్న్‌టేబుల్, ఆంప్లిఫయర్, స్పీకర్లు ఒక స్థాయికి చేరాక చూపు కార్ట్రిడ్జ్ మీద, అంటే ఆర్మ్ కొసన ఉండి ముల్లుతో రికార్డు గాడిని చదివే భాగం మీద పడుతుంది. గందరగోళం అక్కడే మొదలవుతుంది. ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో అంకెలు ఇస్తుంది, ఒక్కో సమీక్షకుడు ఒక్కో విశేషణం వాడతాడు. కొనబోయే ముందు ఎక్కువమందికి ఎదురయ్యే ప్రశ్నలు, వాటికి నా జవాబులు కింద ఉన్నాయి. టర్న్‌టేబుల్ వాడకం మీకు కొత్త కాదనే అనుకుని రాశాను.

ఎంఎం మంచిదా, ఎంసీ మంచిదా?

అందరూ మొదట అడిగేది ఇదే. మొదట అడగకూడనిదీ ఇదే. రెండింటిలోనూ పని ఒకే తీరున సాగుతుంది. గాడిలో ఊగే ముల్లు తనను మోస్తున్న సన్నని కడ్డీని, అంటే కాంటిలీవర్‌ను కదిలిస్తుంది. ఆ కదలికకు తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. కాంటిలీవర్ వెనుక కొసన అయస్కాంతం ఉండి, చుట్టలు స్థిరంగా ఉంటే అది మూవింగ్ మ్యాగ్నెట్, అంటే ఎంఎం. చుట్టలే కదులుతూ అయస్కాంతం స్థిరంగా ఉంటే మూవింగ్ కాయిల్, అంటే ఎంసీ.

తేడాలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి. ఎంఎంలో చుట్ట కదలనక్కర లేదు కనుక దానికి వేల చుట్లు చుట్టవచ్చు. అందుకే అవుట్‌పుట్ 3 నుంచి 6 మిల్లీవోల్టుల దాకా వస్తుంది. ఎంసీలో చుట్ట కదలాలి, తేలికగా ఉండాలి. కొద్ది చుట్లతో సరిపెట్టుకోవాలి కనుక సాధారణంగా 0.2 నుంచి 0.5 మిల్లీవోల్టులే వస్తాయి. దీనివల్ల ఎంసీకి ఒక మేలు కూడా ఉంది. చుట్ట ఇండక్టెన్స్ (మారే విద్యుత్తుకు అడ్డుపడే గుణం) బాగా తక్కువ కాబట్టి, కేబుల్ కెపాసిటెన్స్ (విద్యుత్తును పట్టి ఉంచే గుణం) దాని పైస్థాయి స్వరాలను పాడుచేయలేదు. నష్టం ఏమిటంటే, ముల్లు అరిగినప్పుడు మీ చేతులతో మీరు మార్చుకోలేరు.

ఎంసీలే గొప్పగా వినిపిస్తాయన్న పేరు వెనుక ఇంకో కారణం ఉంది. దాని గురించి తక్కువ మాట్లాడతారు. తయారీదారులు తమ దగ్గరున్న మేలైన ముళ్లను, మేలైన కాంటిలీవర్లను ఎక్కువగా ఎంసీలకే బిగిస్తారు. అల్యూమినియం కడ్డీకి ఎలిప్టికల్ (అండాకారపు కొన) ముల్లు ఉన్న ఎంఎం నుంచి, బోరాన్ కడ్డీకి లైన్ కాంటాక్ట్ (గాడిని గీతలా తాకే) ముల్లు ఉన్న ఎంసీకి మారిన మనిషి, వచ్చిన మెరుగంతా తీగచుట్టదే అనుకుంటాడు. చాలాసార్లు అది ముల్లు చలవ.

అయితే మొదట చూడాల్సింది ఏది?

ముల్లు కొన ఆకారం. మిగతావన్నీ దాని తర్వాతే.

ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. 33⅓ వేగంతో తిరిగే ఎల్పీ వెలుపలి అంచున గాడి సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్ల వేగంతో ముల్లు కింద నుంచి సాగిపోతుంది. లోపలి చివర, కేంద్రం నుంచి 60 మిల్లీమీటర్ల దగ్గర, ఆ వేగం 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అంటే 10 కిలోహెర్ట్‌జ్ స్వరం ఒక్క తరంగానికి అంచున 51 మైక్రాన్ల చోటు దొరికితే, చివరి పాటలో 21 మైక్రాన్లే దొరుకుతుంది. 15 కిలోహెర్ట్‌జ్‌కు మిగిలేది 14 మైక్రాన్లు. సాధారణ కోనికల్ (గుండ్రటి కొన) ముల్లు కొన వ్యాసార్ధం 15 నుంచి 18 మైక్రాన్లు. తనకన్నా చిన్న మలుపులోకి ఏ వస్తువూ దూరలేదు. ఆ ముల్లు సన్నని వంపుల్లోకి దిగకుండా మీది మీదుగా దాటిపోతుంది. ప్రతి రికార్డు చివరి పాటలో ‘స’, ‘ష’లు గరగరలాడటానికి, తాళాలు మసకబారడానికి ఇదొక ముఖ్య కారణం.

ఎలిప్టికల్ ముల్లు పక్క అంచుల వ్యాసార్ధం సాధారణంగా 5 నుంచి 10 మైక్రాన్లు. కోనికల్ కన్నా స్పష్టంగా మేలు. ఆ తర్వాతివన్నీ లైన్ కాంటాక్ట్ కుటుంబం: షిబాటా, వాన్ డెన్ హల్, ఫ్రిట్జ్ గైగర్, మైక్రో రిడ్జ్, ఆర్టోఫోన్ వారి రెప్లికెంట్ 100. వీటి అంచు సన్నగా ఉంటుంది, కానీ గాడి గోడను నిలువునా పొడవైన గీతలా తాకుతుంది. అందువల్ల సన్నని వంపులను చదవగలుగుతుంది. పైగా బరువు ఎక్కువ చోట పంచుకుపడటం వల్ల గాడి కూడా తక్కువ అరుగుతుంది. షిబాటా పుట్టింది అసలు స్టీరియో కోసం కాదు. 1970లలో జేవీసీ తెచ్చిన సీడీ-4 నాలుగు చానెళ్ల రికార్డుల్లో 30 కిలోహెర్ట్‌జ్ వాహక తరంగం ఉండేది. దాన్ని పట్టగల ముల్లు కావాల్సి వచ్చి నోరియో షిబాటా ఆ ఆకారాన్ని రూపొందించారు. నాలుగు చానెళ్ల వ్యాపారం మునిగిపోయింది, ముల్లు మాత్రం నిలబడింది.

నమ్మకం కుదరకపోతే తేలికైన పరీక్ష ఒకటి ఉంది. ఆడియో-టెక్నికా వీఎం95 వరుసలో కార్ట్రిడ్జ్ బాడీ ఒకటే. దానికి కోనికల్, ఎలిప్టికల్, మైక్రోలీనియర్, షిబాటా ముళ్లను మార్చి మార్చి పెట్టుకోవచ్చు. విద్యుత్తు పుట్టించే చుట్టలు మారవు, ముల్లు మాత్రమే మారుతుంది. ఒక ఎల్పీ చివరి పాటను కోనికల్‌తోనూ మైక్రోలీనియర్‌తోనూ వినండి. ఖరీదైన కార్ట్రిడ్జ్‌ల గురించి పేజీల కొద్దీ సమీక్షలు చెప్పలేనిది ఆ ఒక్క పాట చెబుతుంది.

కాంటిలీవర్ బోరాన్‌దా, కెంపుదా, వజ్రమా అన్నది నిజంగా వినిపిస్తుందా?

కడ్డీ పని ముల్లు కదలికను వంగకుండా, తనంతట తాను మోగకుండా వెనక్కు చేరవేయడం. అందుకు గట్టిగా, తేలికగా ఉండాలి. అల్యూమినియం గొట్టం చౌక, ఫర్వాలేదు. బోరాన్ కడ్డీ దానికన్నా చాలా గట్టిది, బరువు పెద్దగా పెరగదు. అందుకే హై-ఎండ్‌లో ఎక్కువగా కనిపించేది అదే. నీలం, కెంపు ఒకే ఖనిజపు రెండు రంగులు కనుక ఆ రెండింటి మధ్య శబ్దంలో తేడా వెతకడం వృథా. ఏక వజ్రపు కడ్డీ అన్నిటికన్నా గట్టిది, వరుసలో అన్నిటికన్నా పైమెట్టు నమూనాలకే దక్కుతుంది. షూర్ వీ15 టైప్ 5లో బెరీలియం గొట్టం వాడారు. గుణంలో అది అద్భుతం, కానీ తయారుచేసేవారి ఊపిరితిత్తులకు విషం.

వినిపిస్తుందా అంటే, వినిపిస్తుంది. అయితే ముల్లు ఆకారం తెచ్చేంత తేడా తేదు. వజ్రపు కడ్డీకి ఎంత డబ్బు పెట్టాలో లెక్క వేసేముందు, ఆ డబ్బుతో ఫోనో స్టేజ్, అంటే కార్ట్రిడ్జ్ చిన్న సిగ్నల్‌ను పెంచే పరికరం, ఏ మెట్టుకు ఎక్కుతుందో చూడండి.

ఇంకొకటి. కొన్ని ముళ్లు పూర్తిగా వజ్రపు ముక్కతోనే చేస్తారు. కొన్నిట్లో లోహపు కాడకు చిన్న వజ్రపు కొనను అతికిస్తారు. రెండోది బరువు. హై-ఎండ్ అని చెప్పుకునే దేనిలోనూ అది ఉండకూడదు.

నా టోన్‌ఆర్మ్‌కు సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది?

కార్ట్రిడ్జ్‌లోని మెత్తని సస్పెన్షన్ (కాంటిలీవర్‌ను పట్టి ఉంచే రబ్బరు), దాని మీద ఊగే ఆర్మ్ బరువు కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర స్వయంగా ఊగుతాయి. ఆ అనునాదం 8 నుంచి 12 హెర్ట్‌జ్ మధ్య పడాలి. అంతకన్నా కిందికి పోతే రికార్డు వంకరలు, అడుగుల అదురు దాన్ని రెచ్చగొడతాయి. పైకి పోతే సంగీతపు బేస్‌లోకి చొరబడుతుంది.

లెక్క ఇది. ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ (ఊగేటప్పుడు ముల్లు దగ్గర ఆర్మ్ చూపే బరువు), కార్ట్రిడ్జ్ బరువు, మరల బరువు గ్రాముల్లో కూడండి. దాన్ని కంప్లయన్స్‌తో, అంటే సస్పెన్షన్ ఎంత మెత్తనిదో చెప్పే అంకెతో గుణించండి. వచ్చినదాని వర్గమూలంతో 159ని భాగించండి. 12 గ్రాముల ఆర్మ్, 6.5 గ్రాముల కార్ట్రిడ్జ్, అర గ్రాము మరలు అనుకుందాం. కంప్లయన్స్ 25 అయితే జవాబు 7.3 హెర్ట్‌జ్. కాస్త కిందికి పోయింది. ఇంకా తేలికైన ఆర్మ్ ఉంటే మంచిది.

ఇక్కడొక ఉచ్చు ఉంది. చాలా జపాన్ కంపెనీలు కంప్లయన్స్‌ను 100 హెర్ట్‌జ్ దగ్గర కొలిచి ఇస్తాయి. పై లెక్కకు కావాల్సింది 10 హెర్ట్‌జ్ దగ్గరి విలువ. అది సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది. డెనాన్ డీఎల్-103 కాగితాల్లో 5 అని ఉంటుంది. అదే అంకె పెట్టి, 8.5 గ్రాముల ఆ కార్ట్రిడ్జ్‌ను 12 గ్రాముల ఆర్మ్‌కు బిగించినట్టు లెక్కిస్తే 15 హెర్ట్‌జ్ దాటుతుంది. ఈ ఆర్మ్‌కు పనికిరాదని పక్కన పెట్టేస్తారు. రెండు రెట్లు చేసి 10గా తీసుకుంటే 11 హెర్ట్‌జ్. నిక్షేపంగా పనిచేస్తుంది. కంప్లయన్స్ అంకె పక్కన హెర్ట్‌జ్ రాయని కాగితాన్ని నమ్మి ఆర్మ్ కొనకండి.

ఇది లెక్క మాత్రమే. సస్పెన్షన్ రబ్బరు చలికి బిగుస్తుంది, వేడికి సడలుతుంది. అసలు అనునాదం ఎక్కడుందో టెస్ట్ రికార్డు (కొలతల కోసమే స్వరాలు కోసినది) పెట్టి చూస్తేనే ఖాయంగా తెలుస్తుంది.

అవుట్‌పుట్ మిల్లీవోల్టులను ఎలా పోల్చాలి?

రెండు కార్ట్రిడ్జ్‌ల అంకెలు ఒకే వేగం దగ్గర కొలిచినవా కాదా అన్నది ముందు చూడండి. 1 కిలోహెర్ట్‌జ్ దగ్గర కొన్ని కంపెనీలు సెకనుకు 5 సెంటీమీటర్ల గాడి కదలికతో కొలుస్తాయి, కొన్ని 3.54తో. రెండో పద్ధతిలో వచ్చిన 0.28 మిల్లీవోల్టులు మొదటి పద్ధతిలో దాదాపు 0.4. కాగితం మీద బలహీనంగా కనిపించేదే నిజానికి బలమైనది కావచ్చు.

అవుట్‌పుట్ ఎక్కువైతే శబ్దం మెరుగవుతుందని కాదు. తక్కువైతే ఫోనో స్టేజ్ మీద భారం పెరుగుతుంది, అంతే. 5 మిల్లీవోల్టుల ఎంఎంకు 40 డెసిబెల్స్ గెయిన్, అంటే సిగ్నల్‌ను అంతమేర పెంచడం, చాలు. 0.3 మిల్లీవోల్టుల ఎంసీకి 60 పైన కావాలి. ఆ స్థాయిలో ఫోనో స్టేజ్ సొంత సొద బయటపడుతుంది. మంచి ఎంసీని నాసిరకం ఫోనో స్టేజ్‌కు కలిపేకంటే, ఆ ఫోనో స్టేజ్‌కే మంచి ఎంఎం కలుపుకోవడం మేలు.

లోడింగ్ గురించి ఇంత చర్చ ఎందుకు?

లోడింగ్ అంటే కేబుల్, ఫోనో స్టేజ్ కలిసి కార్ట్రిడ్జ్ మీద మోపే రెసిస్టెన్స్, కెపాసిటెన్స్. ఎంఎంకు అవసరమైన చర్చ. ఎంసీకి సగం చర్చ అనవసరం.

ఎంఎం చుట్ట ఇండక్టెన్స్ ఎక్కువ. వీఎం95లో 550 మిల్లీహెన్రీలు, ఆర్టోఫోన్ 2ఎం రెడ్‌లో 700. దీనికి కేబుల్, ఫోనో స్టేజ్ కెపాసిటెన్స్ తోడై వినికిడి పరిధిలోనే ఒక విద్యుత్ అనునాదం ఏర్పడుతుంది. 550 మిల్లీహెన్రీలకు మొత్తం 200 పికోఫారడ్‌లు ఉంటే అది 15 కిలోహెర్ట్‌జ్ దగ్గర ఉంటుంది. 400 అయితే 10.7కు దిగుతుంది. అంటే అదే కార్ట్రిడ్జ్ కేబుల్ మార్చగానే పదునుగానో మందంగానో మారిపోవచ్చు. ‘ఈ ఎంఎం గరుకుగా ఉంది’ అని ఎవరైనా అంటే, ఎన్ని పికోఫారడ్‌ల మీద విన్నారో అడగండి. తెలియదంటే ఆ అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఎంసీ ఇండక్టెన్స్ మైక్రోహెన్రీలలో ఉంటుంది కనుక ఆ అనునాదం వినికిడికి ఎంతో పైన పడుతుంది. రెసిస్టెన్స్ మార్చినప్పుడు జనం వినే తేడాలో పెద్ద వాటా ధ్వని స్థాయి తేడాయే. 40 ఓముల చుట్టను 100 ఓముల మీద పెడితే దాదాపు 3 డెసిబెల్స్ పోతాయి. 1000 ఓముల మీద పోయేది మూడో వంతు డెసిబెల్ మాత్రమే. ‘1000 మీద వేదిక విశాలమైంది’ అని రాసేవారు చాలావరకు వింటున్నది వాల్యూమ్ పెరగడాన్ని. చుట్ట ఓములకు పది రెట్లు మొదలుగా పెట్టుకోండి, వాల్యూమ్ సరిచేసుకుంటూ నాలుగు విలువలు వినండి, నచ్చినది ఉంచి మరిచిపోండి.

స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ వాడాలా?

ఎంసీ చిన్న వోల్టేజీని ఎంఎం స్థాయికి పెంచే పరికరం ఇది. మంచి ఎంఎం ఫోనో స్టేజ్ మీ దగ్గర ముందే ఉంటే వాడదగ్గ మార్గమే. సొద తక్కువ, బ్యాటరీ గానీ కరెంటు గానీ అక్కర లేదు. మంచివి చౌకగా దొరకవు, హమ్ పట్టకుండా జాగ్రత్తగా అమర్చుకోవాలి.

నిష్పత్తి పెద్దదైతే మంచిదనుకోవడం మాత్రం పొరపాటు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని ఎన్ని రెట్లు పెంచితే, కార్ట్రిడ్జ్‌కు కనిపించే లోడ్ ఆ సంఖ్య వర్గమంత తగ్గుతుంది. 47 కిలోఓముల ఫోనో స్టేజ్ 1:10 వెనుక 470 ఓములుగా, 1:20 వెనుక 117గా, 1:30 వెనుక 52గా కనిపిస్తుంది. డీఎల్-103 చుట్ట 40 ఓములు, అవుట్‌పుట్ 0.3 మిల్లీవోల్టులు. 1:20తో చేతికి వచ్చేది సుమారు 4.5 మిల్లీవోల్టులు. 1:30తో 9 వస్తుందని ఆశిస్తే దాదాపు 5 మాత్రమే వస్తుంది. మిగతాది చుట్టలోనే పోతుంది, పైస్థాయి స్వరాలు కూడా ముడుచుకుపోతాయి. రెండు, మూడు ఓముల చుట్టలకైతే 1:30 చక్కగా పనిచేస్తుంది.

ఇంత పాత డీఎల్-103ను ఇంకా ఎందుకు తలుచుకుంటారు?

1960ల తొలినాళ్లలో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే అవసరాల కోసం పుట్టిన కార్ట్రిడ్జ్ అది. కోనికల్ ముల్లు, గాడి మీద ముల్లు మోపే 2.5 గ్రాముల భారం, గట్టి సస్పెన్షన్. స్టూడియోలో రోజంతా వాడినా నమ్మకంగా పనిచేయాలన్నదే లక్ష్యం. 1959 నాటి ఆర్టోఫోన్ ఎస్‌పీయూదీ ఇంచుమించు ఇదే ధోరణి. అది 3, 4 గ్రాముల భారంతో బరువైన ఆర్మ్‌ల కోసం చేసినది. రెండింటిలోనూ మధ్య స్వరాలకు నిండుదనం, తాళానికి ఒక దన్ను ఉంటాయి. కొత్త కార్ట్రిడ్జ్‌లు చాలా వాటిలో అది దొరకదు. అయితే ముల్లు గురించి పైన చెప్పిన లెక్క డీఎల్-103ను వదిలిపెట్టదు. చివరి పాటల్లో అది వెనకబడుతుంది. చక్కటి స్థితిలో ఉన్న ఆర్కెస్ట్రా రికార్డులు ఎక్కువగా వినేవారికి నేను సూచించను. పాత గాత్ర సంగీతం, చిన్న బృందాల రికార్డులు ఎక్కువ వినేవారు ఒకసారి తప్పక వినాలి.

మూవింగ్ ఐరన్, ఆప్టికల్, స్ట్రెయిన్ గేజ్ అంటే?

మూవింగ్ ఐరన్‌లో అయస్కాంతమూ చుట్టా రెండూ స్థిరమే. వాటి మధ్య చిన్న ఇనుప తునక మాత్రం కదులుతుంది. కదిలే బరువు బాగా తగ్గుతుంది, అవుట్‌పుట్ కూడా బాగానే ఉంచుకోవచ్చు. బ్రూక్లిన్‌లోని గ్రాడో, పీటర్ లెడర్‌మన్ నడిపే సౌండ్‌స్మిత్ ఈ దారిలో పేరున్నవి. ఎంఎం, ఎంసీ వాదంలో పడి జనం పట్టించుకోని వర్గం ఇది. నా దృష్టిలో అన్యాయం.

ఆప్టికల్ కార్ట్రిడ్జ్‌లలో జపాన్‌కు చెందిన డీఎస్ ఆడియో ముందుంది. కాంటిలీవర్‌కు అమర్చిన పలుచని రేకు, ఎల్‌ఈడీ వెలుగును అడ్డుకుంటూ వదులుతూ ఉంటుంది. ఆ వెలుగు హెచ్చుతగ్గులే సిగ్నల్. కదిలే అయస్కాంతం లేదు, కదిలే చుట్టా లేదు. అన్ని అయస్కాంత కార్ట్రిడ్జ్‌లు గాడి కదలిక వేగానికి స్పందిస్తే, ఇది గాడి కదలిక పరిమాణానికి స్పందిస్తుంది. కాబట్టి మామూలు ఆర్ఐఏఏ (రికార్డు కోతలో మార్చిన బేస్, పైస్వరాల స్థాయిని సరిదిద్దే ప్రమాణం) ఫోనో స్టేజ్ పనికిరాదు. దీనికంటూ చేసిన ఈక్వలైజర్ కొనాల్సిందే. బేస్ లోతు, నిశ్శబ్దం విషయంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. కానీ ఒకసారి ఈ దారిలోకి దిగితే తిరిగి రావడం ఖరీదైన వ్యవహారం. కొనేముందు కార్ట్రిడ్జ్, ఈక్వలైజర్ రెండింటి ఖర్చూ కలిపి చూడండి.

స్ట్రెయిన్ గేజ్‌లో ముల్లు కదలిక ఒత్తిడికి రెసిస్టెన్స్ మారే చిన్న తునక సిగ్నల్ ఇస్తుంది. ఇది కూడా పరిమాణానికే స్పందిస్తుంది, దానికీ సొంత ప్రీఆంప్ కావాలి. చేసేవారు వేళ్ల మీద లెక్కించేంతమంది.

రాతి బాడీ, చెక్క బాడీ, టైటానియం బాడీ: ఇవి నగలా, ఇంజినీరింగా?

కొంత అదీ, కొంత ఇదీ. ముల్లు నుంచి వచ్చిన కంపనంలో చుట్ట వాడుకోని భాగం బాడీలోకి పాకుతుంది. దాన్ని బాడీ ఎలా మింగుతుంది, ఎంత వెనక్కు తిప్పి పంపుతుంది అన్నది శబ్దాన్ని మారుస్తుంది. యోషియాకి సుగానో స్థాపించిన కోయెట్సు రోజ్‌వుడ్, ఓనిక్స్, జేడ్ బాడీలతో ఒక మెత్తని నిండుదనం వైపు వెళ్లింది. జొనాథన్ కార్ రూపొందించే లైరా కార్ట్రిడ్జ్‌లది వేరే దారి. అట్లాస్ లాంటి నమూనాల్లో టైటానియంను సమాంతర తలాలు లేకుండా మలిచి, కంపనం లోపలే అటూ ఇటూ తిరగకుండా చూస్తారు. ఫలితం చురుకుగా, పారదర్శకంగా ఉంటుంది. ఏది మేలన్నది రుచి విషయం. రాతి బాడీ బరువు 10 గ్రాములు దాటవచ్చు కనుక ఆర్మ్ లెక్క మళ్లీ వేసుకోవాలి.

ఆకారంలో నిజంగా వేరుగా ఆలోచించినది ఆడియో-టెక్నికా ఏటీ-ఏఆర్‌టీ1000. అందులో చుట్టలు కాంటిలీవర్ వెనుక కొసన ఉండవు, నేరుగా ముల్లు పైనే ఉంటాయి. కడ్డీ పొడవునా సిగ్నల్ ప్రయాణించే అవసరమే తీసేశారన్నమాట.

ఫ్రీక్వెన్సీ గ్రాఫ్ చూసి ఎంచుకోవచ్చా?

పనికిరానివి వదిలేయడానికి చూడండి, ఎంచుకోవడానికి కాదు. చాలా ఎంసీలు 10 కిలోహెర్ట్‌జ్ పైన మెల్లగా పైకి లేస్తాయి. ముల్లు బరువు, వినైల్ సాగుడు కలిసి అక్కడ ఒక అనునాదం ఉంటుంది. మీ స్పీకర్లు ముందే పదునైనవైతే ఈ రెండూ కలిసి తలనొప్పి తెస్తాయి. గ్రాఫ్ చెప్పని వాటిలో ముఖ్యమైనది ట్రాకింగ్ సామర్థ్యం, అంటే బిగ్గరగా కోసిన గాడిలో ముల్లు పట్టు తప్పకుండా నిలిచే శక్తి. రెండు చానెళ్ల స్థాయి తేడా కూడా చూడండి. ఇంత డబ్బు పెట్టాక 1 డెసిబెల్ దాటితే తిప్పి పంపవచ్చు.

అమరికలో ఎంత పట్టింపు అవసరం?

ముల్లు ఎంత సన్నదైతే అంత. కోనికల్ ముల్లు ఎటు తిప్పినా గుండ్రమే, తప్పులను క్షమిస్తుంది. మైక్రో రిడ్జ్ క్షమించదు. ఖరీదైన కార్ట్రిడ్జ్ నిరాశపరిచిందని చెప్పేవారిలో చాలామంది దాన్ని సరిగ్గా అమర్చనే లేదని నా అనుమానం.

ముందు ఓవర్‌హ్యాంగ్ (ముల్లు టర్న్‌టేబుల్ కేంద్రాన్ని దాటి ఎంత ముందుకు వస్తుందన్నది), కోణం. లోఫ్‌గ్రెన్ 1938లో, బేర్‌వాల్డ్ 1941లో వేసిన లెక్కల ప్రకారం, కేంద్రం నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర, 120.9 మిల్లీమీటర్ల దగ్గర ముల్లు గాడికి సరిగ్గా సమాంతరంగా ఉండాలి. లోపలి గాడులకు ఎక్కువ మేలు చేయాలనుకునే స్టీవెన్‌సన్ పద్ధతిలో అవి 60.3, 117.4. మీ ఆర్మ్ ఏ జ్యామితికి చేసిందో తెలుసుకుని దానికే కట్టుబడండి. తర్వాత అజిమత్: ముందు నుంచి చూస్తే ముల్లు నిటారుగా ఉండాలి. కార్ట్రిడ్జ్ పైభాగం సమంగా ఉందని సంతృప్తి పడకండి. ముల్లు కొద్దిగా వంకరగా అతికి రావడం ఖరీదైన వాటిలోనూ ఉంటుంది.

ఆర్మ్ ఎత్తు విషయంలో మాత్రం అతి చేయకండి. 230 మిల్లీమీటర్ల ఆర్మ్‌లో కోణం ఒక్క డిగ్రీ మారాలంటే ఎత్తు 4 మిల్లీమీటర్లు మారాలి. 180 గ్రాముల రికార్డుకూ మామూలు రికార్డుకూ మందంలో తేడా ఒక మిల్లీమీటరులోపే, అంటే పావు డిగ్రీ కూడా కాదు. రికార్డు మార్చినప్పుడల్లా ఎత్తు సరిచేసేవారు ఆ సమయంలో ఇంకో రికార్డు వినవచ్చు.

భారం తక్కువ పెడితే రికార్డు తక్కువ అరుగుతుందా?

లేదు. భారం చాలని ముల్లు గాడి గోడలను వదిలి మళ్లీ వచ్చి కొడుతుంది, అసలు నష్టం అప్పుడు జరుగుతుంది. తయారీదారు చెప్పిన పరిధిలో మధ్య నుంచి పై సగంలో ఉండండి.

రెండు కార్ట్రిడ్జ్‌లను న్యాయంగా ఎలా పోల్చాలి?

ధ్వని స్థాయి సమం చేయకుండా చేసిన పోలికకు విలువ లేదు. 0.3, 0.5 మిల్లీవోల్టుల మధ్య తేడా 4.4 డెసిబెల్స్. బిగ్గరగా మోగినదే గెలుస్తుంది, ప్రతిసారీ. టెస్ట్ రికార్డులోని 1 కిలోహెర్ట్‌జ్ స్వరం పెట్టి, స్పీకర్ తీగల దగ్గర వోల్టేజీ కొలిచి సమం చేయండి. చెవితో సమం చేశానంటే కుదరదు.

కార్ట్రిడ్జ్ విప్పి, ఇంకోటి బిగించి, అమర్చేసరికి గంట పడుతుంది. ఆ గంటలో వినికిడి జ్ఞాపకం చెదిరిపోతుంది. అందుకని రెండింటితోనూ ఒకే పాటను 24 బిట్, 96 కిలోహెర్ట్‌జ్‌లో రికార్డు చేసుకుని, స్థాయి సమం చేసి, పేర్లు కనబడకుండా ఎవరితోనైనా మార్చి మార్చి పెట్టించుకోండి. డిజిటల్‌లోకి వెళితే వినైల్ ఆత్మ పోతుందని కొందరు నొచ్చుకుంటారు. పోనివ్వండి. రెండు ఫైళ్ల మధ్య వినిపించే తేడా కార్ట్రిడ్జ్‌ల తేడాయే.

ఏ పాట? ఒక ఎల్పీ చివరి పాట తప్పకుండా ఉండాలి. ‘స’కారాలు ఎక్కువున్న గాత్రం ఒకటి, పియానో ఒకటి. పియానో స్వరం వణికితే అది టర్న్‌టేబుల్ తప్పు కావచ్చు, చిట్లితే ముల్లు తప్పు.

కొత్త కార్ట్రిడ్జ్ కొన్ని గంటలు వాడాక మెరుగవుతుందంటారు. నిజమేనా?

సస్పెన్షన్ రబ్బరు కొంత సడలడం నిజం. ఇరవై, ముప్పై గంటల తర్వాత భారం, ఎత్తు మళ్లీ సరిచూసుకోండి. మొదటి రోజు దారుణంగా ఉన్నది వందో గంటకు అద్భుతమవుతుందని ఎవరైనా నచ్చజెబితే నమ్మకండి. వెనక్కు ఇచ్చే గడువు ఈలోగా ముగిసిపోతుంది.

ఎన్ని గంటలు వస్తుంది? అరిగాక ఏం చేయాలి?

ఆకారాన్ని బట్టి ఉంటుంది. ఆడియో-టెక్నికా తన ముళ్లకు ఇచ్చే అంచనా ఇది: ఎలిప్టికల్ 300 గంటలు, కోనికల్ 500, షిబాటా 800, మైక్రోలీనియర్ 1000. ఒక ఎల్పీ 40 నిమిషాలు అనుకుంటే 1000 గంటలంటే 1500 ఎల్పీలు. మైక్రోలీనియర్ ఇంతకాలం రావడానికి కారణం, అది అరుగుతున్నా చాలాకాలం అంచు సన్నదనం మారదు. కొన్నప్పుడు ఖరీదనిపించినది గంటల మీద లెక్కిస్తే చౌక కావచ్చు.

ఎంఎం అయితే ముల్లు కొని తొడుక్కోవడమే. ఎంసీకి రెండు దారులు. పాతది తీసుకుని తగ్గింపు ధరకు కొత్తది ఇచ్చే పద్ధతి చాలా కంపెనీలకు ఉంది. లేదంటే స్వతంత్రంగా ముల్లు మార్చే నిపుణులు ఉన్నారు. వారి పని చౌక, చాలాసార్లు చక్కగా ఉంటుంది. కానీ కాంటిలీవర్ కూడా మార్చితే వచ్చేది మీ పాత కార్ట్రిడ్జ్ కాదు, దాని బాడీలో కూర్చున్న వేరే కార్ట్రిడ్జ్. మీకు నచ్చిన శబ్దమే తిరిగి కావాలంటే అసలు తయారీదారు దగ్గరికే పంపండి.

వాడని పాత కార్ట్రిడ్జ్ పెట్టెతో సహా దొరికింది. కొనవచ్చా?

ముల్లు కొత్తదే కావచ్చు, రబ్బరు మాత్రం కొత్తది కాదు. పెట్టెలో ఉన్నా అది ఏళ్లతో గట్టిపడుతుంది లేదా కుంగిపోతుంది. ఎంఎం అయి, కొత్త ముల్లు దొరికేదైతే ధైర్యం చేయవచ్చు. షూర్ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీ మానేసినా, దాని పాత బాడీలకు ఇతరులు చేసిన ముళ్లు దొరుకుతున్నాయి. ఎంసీ అయితే ముల్లు మార్పించే ఖర్చు కూడా కలుపుకుని బేరం ఆడండి.

మోనో రికార్డులకు విడిగా కార్ట్రిడ్జ్ కావాలా?

పదో పరకో ఉంటే వద్దు. ఆంప్లిఫయర్‌లో మోనో మీట చాలు. అల్మారా నిండా ఉంటే తప్పకుండా కావాలి. మోనో గాడి పక్కలకే ఊగుతుంది. పైకీ కిందికీ ఉండే కదలికంతా దుమ్ము, గీతల చప్పుడే. నిలువు కదలికకు స్పందించని కార్ట్రిడ్జ్ ఆ చప్పుడును పుట్టుకలోనే ఆపేస్తుంది. 1950ల ఎల్పీలకు 25 మైక్రాన్ల ముల్లు, ఈ మధ్య స్టీరియో కటింగ్ హెడ్‌తో కోసిన మోనో పునర్ముద్రణలకు మామూలు సన్నని ముల్లు నప్పుతాయి. ముల్లు నిలువుగా కదలలేని పాతకాలపు మోనో కార్ట్రిడ్జ్‌లను స్టీరియో రికార్డు మీద పెట్టకండి, గాడిని దున్నేస్తాయి. 78 ఆర్‌పీఎం రికార్డులకు దాదాపు 75 మైక్రాన్ల ముల్లు కావాలి. అది పూర్తిగా వేరే లోకం.

ముల్లును ఎలా శుభ్రం చేయాలి?

ప్రతి రికార్డు ముఖానికీ ముందు పొడి బ్రష్‌తో, వెనుక నుంచి ముందుకు మాత్రమే, అంటే గాడి సాగే దిశలోనే. పక్కలకు తుడిస్తే కాంటిలీవర్ విరుగుతుంది. ముల్లును పైనుంచి దించి ఎత్తే మెత్తని జెల్ కూడా మంచిదే. ఆల్కహాల్ ద్రవాలు ముల్లును పట్టి ఉంచే జిగురునో, కడ్డీ గుండా పాకి రబ్బరునో దెబ్బతీయవచ్చు. ఏ ద్రవం వాడవచ్చో తయారీదారు కాగితంలో ఉంటే అదే వాడండి. లేకపోతే పొడి బ్రష్‌తోనే సరిపెట్టుకోండి.